నొప్పితో ఆడుతుంటే చప్పట్లు కొట్టాం, తప్పు చేశామా?

ప్రశ్న: నేను రఫెల్ నాదల్ వీరాభిమానిని. 2005లో చేతుల్లేని ఆకుపచ్చ టీషర్టు, మోకాళ్ళు దాటిన ప్యాంటు వేసుకుని ఫ్రెంచ్ ఓపెన్ గెలిచిన ఆ కుర్రాడిని చూసిన రోజు నుంచి, అతని మ్యాచ్ ఉందంటే నాకు వేరే పని ఉండేది కాదు. 2024 నవంబరులో అతను రిటైరయ్యాడు. ఇంతకాలమైనా నేను తేరుకోలేదు. 2022లో పాదం మొద్దుబారేలా ఇంజెక్షన్లు చేయించుకుని ఫ్రెంచ్ ఓపెన్ ఆడుతుంటే ఇంట్లో గెంతులేశాను. ఇప్పుడు ఆ వీడియోలు చూస్తే సిగ్గేస్తోంది. ఒక మనిషి బాధని వినోదంగా చూశామా అనిపిస్తోంది. పోనీ, ఆ కప్పుతోనే ఆపేసి ఉంటే ఎంత బాగుండేది! చివరికి దేశాల జట్లు ఆడే డేవిస్ కప్‌లో ఎవరో ఊరూపేరూ లేని ఆటగాడి చేతిలో వరుస సెట్లలో ఓడి వెళ్ళిపోయాడు. ఫెదరర్ అభిమాని అయిన మా స్నేహితుడు "మావాడు హుందాగా తప్పుకున్నాడు, మీవాడు కుంటుకుంటూ వెళ్ళాడు" అని ఏడిపిస్తుంటాడు. మళ్ళీ ఆడతాడని ఎక్కడైనా వార్త వచ్చిందేమో అని రాత్రుళ్ళు ఫోన్‌లో వెతుకుతుంటాను. మా అమ్మాయికి పన్నెండేళ్ళు. ఈమధ్యే టెన్నిస్ చూడటం మొదలుపెట్టింది, పక్కన కూర్చోమంటుంది. నేనేమో లేచి వెళ్ళిపోతున్నాను. ఇదంతా మరీ అతి అంటోంది మా ఆవిడ. నిజంగా అతేనా?
– ఒక అభిమాని

సమాధానం: కొంచెం అతే. రాత్రుళ్ళు ఫోన్‌లో వెతకడం వరకూ మీ ఆవిడ మాటే నిజం. మిగతాది మాత్రం కొట్టిపారేసే సంగతి కాదు. మీరు అడిగిన వాటిలో అన్నిటికంటే బరువైనది ఆ చప్పట్ల ప్రశ్న, ముందు అదే చూద్దాం.

మీ ఉత్తరంలో ఆ పాదం కథ 2022లో మొదలైంది. నిజానికి అది మీరు అతన్ని మొదటిసారి చూసిన ఏడాదే మొదలైంది. 2005 అక్టోబరులో మాడ్రిడ్ ఫైనల్లో ఇవాన్ ల్యుబిచిచ్ మీద రెండు సెట్లు వెనకబడి కూడా గెలిచాడు గుర్తుందా? ఆ తర్వాత ఎడమ పాదం నేల మీద మోపలేకపోయాడు. 2006 ఆస్ట్రేలియన్ ఓపెన్‌కి వెళ్ళనేలేదు. పాదం మధ్యలో, చీలమండకి కాస్త ముందు, పడవ ఆకారంలో ఒక చిన్న ఎముక ఉంటుంది. అడుగు వేసిన ప్రతిసారీ ఒంటి బరువులో పెద్ద వాటా దాని మీదుగానే ముందుకు పోతుంది. ముల్లర్-వైస్ సిండ్రోమ్ అనే అరుదైన జబ్బులో ఆ ఎముక మెల్లమెల్లగా నలిగి ఆకారం చెడిపోతుంది, చుట్టుపక్కల కీళ్ళు అరుగుతాయి. నొప్పి తగ్గించే దారులున్నాయి గానీ ఎముకని మళ్ళీ మొదటిలా చేసే మందు లేదు. ఇక పెద్ద స్థాయిలో ఆడటం కష్టమేనని అప్పుడే వైద్యులు చెప్పారు. అప్పటికి అతనికి పందొమ్మిదేళ్ళు.

ఆ రోజుల్లో అతను చేసిన పని ఒకటుంది. సరిగ్గా నడవడమే రాని స్థితిలో ఊతకర్రల మీద కోర్టుకి వెళ్ళేవాడు. మామూలు కుర్చీ ఒకటి వేయించుకుని అందులో కూర్చునేవాడు. అవతలి నుంచి ఒక్కో బంతీ వేస్తుంటే కూర్చున్నచోటి నుంచే రాకెట్‌తో కొట్టేవాడు. టెన్నిస్ ఫోర్‌హ్యాండ్ అంటే సగం కాళ్ళ పనే. ఆ సగం లేకుండా, భుజం, మణికట్టు మాత్రం మరిచిపోకుండా ఉండాలని చేసిన సాధన అది. అప్పుడు గేలరీల్లో జనం లేరు, కెమెరాల్లేవు, మీరూ లేరు. ఎవరి చప్పట్ల కోసం కొట్టాడు ఆ బంతులు?

తర్వాత ప్రత్యేకంగా తయారుచేసిన ఇన్‌సోల్‌తో (బూటు లోపలి అట్టతో) బూట్లు మార్చారు. ఆ ఎముక మీద ఒత్తిడి తగ్గింది. తగ్గిన ఒత్తిడి ఎక్కడికో పోదు కదా, మోకాళ్ళకీ నడుముకీ పంచుకుంది. మోకాళ్ళ నొప్పి వల్ల 2009లో డిఫెండింగ్ ఛాంపియన్ అయ్యుండి కూడా వింబుల్డన్ వదులుకున్నాడు. 2012లో వింబుల్డన్ రెండో రౌండ్లో ఓడాక ఏడు నెలలు కనిపించలేదు. గాయానికీ గాయానికీ మధ్య దొరికిన సమయంలోనే ఆడాడు. అలా ఆడుతూనే 2005 ఏప్రిల్ నుంచి 2023 మార్చి దాకా, వరుసగా 912 వారాలు, మొదటి పది ర్యాంకుల్లోంచి కిందికి దిగలేదు. అతని 22 గ్రాండ్‌స్లామ్‌లలో మీరు చూసిన ఆ మొదటి ఫ్రెంచ్ ఓపెన్ ఒక్కటి పక్కన పెడితే, తక్కిన 21 ఆ జబ్బు బయటపడ్డాక గెలిచినవే. కాబట్టి 2022లో జరిగింది విడిగా ఒక ఘోరం, అంతకుముందు అంతా హాయి అని విడదీయడం కుదరదు. మీరు అభిమానించిన ఆట మొత్తం ఆ పాదం మీద ఆడిందే.

ఇక 2022 ఫ్రెంచ్ ఓపెన్. మ్యాచ్‌కి ముందు పాదంలోని నరాలకి మత్తు ఇంజెక్షన్లు చేయించుకుని ఆడిన మాట నిజం. ఫైనల్లో కాస్పర్ రూడ్‌ని 6-3, 6-3, 6-0తో ఓడించాక ఆ సంగతి తనే చెప్పాడు. అయితే ఆ వారంలోనే అతను అన్న ఇంకో మాట మీకు గుర్తు చేయాలి. ఫైనల్ గెలవడమా, కొత్త పాదమా, ఏదో ఒకటే ఇస్తే ఏది తీసుకుంటారని అడిగితే, తడుముకోకుండా కొత్త పాదమే అన్నాడు. జీవితం ఏ కప్పు కంటే కూడా పెద్దదని చెప్పాడు. గెలిచాక కూడా, ఇకమీదట ఇలా మత్తు ఇంజెక్షన్లతో ఆడను, మామూలు మందులతో కుదిరితేనే వింబుల్డన్‌కి వెళ్తాను అని గీత గీశాడు. తర్వాత నరాలకి రేడియో తరంగాలతో చేసే చికిత్స చేయించుకున్నాడు, అది పనిచేసింది, అప్పుడు వెళ్ళాడు. మీరు టీవీ ముందు గెంతులేస్తున్నప్పుడు అక్కడ ఆడుతున్నది లెక్క తెలియని మనిషి కాదు.

నెల తిరిగేసరికి వింబుల్డన్ క్వార్టర్‌ఫైనల్లో పొత్తికడుపు కండరం చిరిగింది. అవతల టేలర్ ఫ్రిట్జ్. గేలరీలోంచి కన్నతండ్రి చేయి ఊపుతూ ఆపేయమని సైగ చేస్తున్నాడు, టీవీలో అందరమూ చూశాం. ఆపలేదు. సర్వీసు వేగం తగ్గించుకుని, ర్యాలీలు కుదించుకుని, ఐదో సెట్ టైబ్రేక్‌లో గెలిచాడు. మర్నాడు మాత్రం తనంతట తనే సెమీస్‌ నుంచి తప్పుకున్నాడు. తండ్రి ఆపమన్నా ఆపని మనిషి మనం చప్పట్లు మానేస్తే ఆపేవాడా?

అయితే అభిమానులకి ఇందులో ఏ పాత్రా లేదని చెప్పి మిమ్మల్ని ఊరడించను. మనకో అలవాటుంది. "బాగా ఆడాడు" కంటే "నొప్పితో ఆడాడు" అన్నదే పెద్ద మెప్పుగా వాడతాం. వ్యాఖ్యాతలూ అంతే, పత్రికల శీర్షికలూ అంతే. అదే 2022 ఫ్రెంచ్ ఓపెన్ సెమీఫైనల్లో నాదల్ ప్రత్యర్థి జ్వెరెవ్ చీలమండ మెలిపడి అరిచిన అరుపు మీరు వినే ఉంటారు. అతన్ని చక్రాల కుర్చీలో తీసుకెళ్ళారు. కాసేపటికి ఊతకర్రలతో తిరిగొచ్చి అంపైర్‌కి చేయి కలిపి వెళ్ళాడు. గెలిచిన నాదల్ పిడికిలి బిగించలేదు, అతని పక్కనే నడిచాడు. మీరు ఆ రోజు గెంతులేశారా? వేసుండరు. కళ్ళెదుట కనిపించిన నొప్పికి నోరు మూతబడుతుంది. బూటులో దాగున్న నొప్పిని మాత్రం వీరగాథ చేసేస్తాం. మీకు ఇప్పుడు కలుగుతున్న ఇబ్బంది ఆ తేడా తెలిసొచ్చినందువల్లే. అది మంచిదే, పోగొట్టుకోవాల్సిన పని లేదు. ఇంకో మాట, మీ అమ్మాయి రేపు రాకెట్ పట్టి మోకాలు వాచిందంటే "నాదల్ ఆడలేదా" అని మాత్రం అనకండి. అతనికి వెంట వైద్యులున్నారు, ఫిజియో ఉన్నాడు, పాతికేళ్ళ అనుభవం ఉంది. అయినా చివరికి శరీరమే గెలిచింది.

2022లోనే ఆపేసి ఉంటే బాగుండేదన్న మీ మాటకి వద్దాం. ఇక్కడ మీతో నాకు పేచీ ఉంది. కప్పు చేతిలో ఉండగా వెళ్ళిపోయినవాళ్ళు లేకపోలేదు. పీట్ సాంప్రాస్ 2002 యూఎస్ ఓపెన్ గెలిచాక మళ్ళీ టూర్‌లో మ్యాచ్ ఆడలేదు. ఆష్ బార్టీ 2022లో సొంతగడ్డ మీద ఆస్ట్రేలియన్ ఓపెన్ గెలిచి, ఇరవై అయిదేళ్ళకే చాలనుకుంది. వాళ్ళకి ఇక ఆడాలనిపించలేదు, ఆపారు. నాదల్‌కి ఆడాలని ఉంది, ఒళ్ళు సహకరించలేదు. రెండూ ఒకటి కావు. పైగా మీరు తప్పుపడుతున్న పాదం అతన్ని ఆపలేదు. 2023 జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్ రెండో రౌండ్లో మెకంజీ మెక్‌డొనాల్డ్‌తో ఆడుతుండగా తుంటి దగ్గరి కండరం దెబ్బతింది. కొన్ని వారాల్లో తగ్గుతుందన్నారు, తగ్గలేదు. మేలో ఆ ఏడాది ఫ్రెంచ్ ఓపెన్ ఆడలేనని చెప్పాడు, జూన్‌లో ఆపరేషన్ జరిగింది. 2022 జూన్‌లో కప్పు ఎత్తినప్పుడు ఇది వస్తుందని అతనికి తెలీదు, మీకూ తెలీదు. అయిపోయిన సినిమాకి కొత్త క్లైమాక్స్ రాయడం మనకి తేలికే. లోపల ఉన్నవాడికి తర్వాతి సీను కనిపించదు.

గాయం ముహూర్తాలు చూసుకోదు. సానియా మీర్జా 2022 సీజన్‌తో ఆపేస్తానని ముందే ప్రకటించింది. మోచేతి గాయం వచ్చి ఆ ఏడాది యూఎస్ ఓపెనే పోయింది, వీడ్కోలు కాస్తా 2023 ఫిబ్రవరికి జరిగింది. గుస్తావో కుయెర్టన్‌ మూడుసార్లు ఫ్రెంచ్ ఓపెన్ గెలిచి, తుంటి నొప్పితో ఏళ్ళ తరబడి తంటాలు పడి, 2008లో అదే ప్యారిస్‌లో మొదటి రౌండ్లోనే ఓడి సెలవు తీసుకున్నాడు. ఓడినందుకు అతన్ని ఎవరూ తక్కువ చేసి చూడలేదు.

డేవిస్ కప్‌లో, మాలగాలో, నాదల్‌ని ఓడించినవాడు ఊరూపేరూ లేనివాడేమీ కాదు. బోటిక్ వాన్ డి జాండ్‌షుల్ప్, నెదర్లాండ్స్ ఆటగాడు. పేరు పలకడం కష్టమే, ఒప్పుకుంటాను. అంతకు మూడు నెలల ముందే యూఎస్ ఓపెన్ రెండో రౌండ్లో అగ్రశ్రేణి ఆటగాడు అల్కరాస్‌ని వరుస సెట్లలో ఇంటికి పంపాడు. అలాంటివాడి మీద ఆ ఏడాది చాలా తక్కువ మ్యాచులే ఆడగలిగిన ముప్పై ఎనిమిదేళ్ళ మనిషి 6-4, 6-4తో ఓడాడు. అవమానం ఎక్కడుంది? ఆ ఓటమి గురించి అతనే నవ్వుతూ అన్నాడు, డేవిస్ కప్‌లో మొదటి మ్యాచ్ ఓడాను, చివరిదీ ఓడాను, వృత్తం పూర్తయిందని. ఆడి ఆడి విసుగొచ్చి కాదు, ఒంటికి ఇక ఆడాలని లేదు, దాన్ని ఒప్పుకోవాలి అని కూడా చెప్పాడు. ఆ మ్యాచ్ మీరు పూర్తిగా చూసి ఉండరని నా అనుమానం. స్కోరు చూసి బాధపడేవాళ్ళు సాధారణంగా మ్యాచ్ చూడరు. ఒకసారి కూర్చుని చూడండి. సర్వీసుకి ముందు చెవి, ముక్కు, మళ్ళీ చెవి తాకే ఆ వరుస, ప్రతిసారీ ఒకే తీరున పెట్టే నీళ్ళ సీసాలు అన్నీ ఉంటాయి. బంతి దగ్గరికి చేరడంలో అర అడుగు ఆలస్యం కనిపిస్తుంది. తప్పుకోవాల్సిన సమయమే అని మీకే అర్థమవుతుంది. నేను చెప్పినా, మీ ఆవిడ చెప్పినా అంత బాగా అర్థం కాదు.

మీ స్నేహితుడికి ఒక సంగతి గుర్తు చేయండి. గొడవకి కాదు, లెక్క సరిచేయడానికి. ఫెదరర్ ఆడిన చివరి సింగిల్స్ మ్యాచ్ 2021 వింబుల్డన్ క్వార్టర్‌ఫైనల్, హుబర్ట్ హుర్కాజ్ మీద. చివరి సెట్ 0-6. ఎనిమిదిసార్లు గెలిచిన కోర్టులో. ఆ తర్వాత మోకాలికి మళ్ళీ ఆపరేషన్, ఏడాదికి పైగా ఎదురుచూపు, 2022 సెప్టెంబరులో లండన్‌లో లేవర్ కప్‌లో ఒక్క డబుల్స్ మ్యాచ్, అందులోనూ ఓటమి. పక్కన భాగస్వామి ఎవరు? మీవాడే. ఇద్దరూ చేతులు పట్టుకుని ఏడ్చిన ఫొటో మీ స్నేహితుడి దగ్గరా ఉండే ఉంటుంది. పదిహేను వందలకు పైగా సింగిల్స్ ఆడి ఒక్క మ్యాచ్‌ కూడా గాయంతో మధ్యలో వదలని ఫెదరర్‌కి మోకాలు మొదటిసారి చెడింది ఎక్కడో తెలుసా? కోర్టులో కాదు, 2016లో కూతుళ్ళకి స్నానానికి నీళ్ళు పడుతున్నప్పుడు! హుందా, కుంటుడు అని పంచుకోవడానికి ఇద్దరి కథల్లోనూ పెద్ద తేడా ఏమీ లేదు.

ఇప్పుడు రాత్రుళ్ళు వెతకడం సంగతి. ఈ రోగం అభిమానులకి అంటించింది ఆండీ ముర్రే. 2019 జనవరిలో మెల్‌బోర్న్‌లో తుంటి నొప్పితో కన్నీళ్ళు పెట్టుకుని, ఇదే చివరి టోర్నీ కావచ్చన్నాడు. ఓడాక కోర్టులోనే తెర మీద తోటి ఆటగాళ్ళ వీడ్కోలు సందేశాలు కూడా వేసేశారు. ఆ నెలాఖరున తుంటిలో లోహపు కీలు వేయించుకున్నాడు. జూన్‌లో లండన్‌లో డబుల్స్ కప్పు, అక్టోబరులో ఆంట్‌వెర్ప్‌లో సింగిల్స్ కప్పు గెలిచాడు. అది చూసినవాళ్ళకి ప్రతి రిటైర్మెంటూ విరామంలాగే కనిపిస్తుంది. కానీ ముర్రే అప్పుడు తేల్చి చెప్పలేదు, తలుపు తెరిచే పెట్టాడు. 2024 ఒలింపిక్స్ తర్వాత మూసేశాడు, మళ్ళీ తెరవలేదు. అర్జెంటీనా ఆటగాడు డెల్ పొట్రో మోకాలి ఆపరేషన్ల తర్వాత 2022లో బ్యూనస్ ఐరిస్‌లో ఒక్క మ్యాచ్ ఆడాడు. ఓడిపోయి, నుదుటి పట్టీ విప్పి నెట్‌కి తగిలించి వెళ్ళాడు. అప్పటికి అతను తిరిగి గెలవడం కాదు, నొప్పి లేకుండా మెట్లెక్కగలిగితే చాలనుకునే స్థితిలో ఉన్నాడు. నాదల్ ఏడాదిన్నర పాటు అన్ని దారులూ చూశాకే మానేశాడు. తిరిగొస్తే సంతోషించేది మీరు, నొప్పి పడేది అతను. నొప్పిని వినోదంగా చూశామా అని నన్ను అడిగిన మీరే మళ్ళీ రమ్మని ఎదురుచూడటం ఎలా కుదురుతుంది? వెతకడం మానేయండి. ఒకేసారి మానలేకపోతే పడకగదిలోకి ఫోన్ తీసుకెళ్ళకండి, సగం పని అదే అవుతుంది.

చివరిగా మీ అమ్మాయి. ఈ ఉత్తరంలో నిజంగా నష్టం జరుగుతున్నది ఇక్కడొక్కచోటే. పిల్ల పిలుస్తుంటే లేచి వెళ్ళిపోతున్నారు. రేపటి నుంచి కూర్చోండి. నాదల్‌కి వారసుడు ఎవరా అని మాత్రం వెతక్కండి, ఎవరూ దొరకరు, దొరికినా మీకు నచ్చడు. మొదట్లో పెద్ద పేర్లున్న మ్యాచులు కాకుండా, మీకు ఇద్దరూ తెలియని మొదటి రౌండ్ మ్యాచ్ ఏదైనా చూడండి. ఎవరో ఒకరి పక్షాన చేరడానికి మొదటి సెట్ చాలు, అదెలా జరుగుతుందో మీరు మరిచిపోయారు, అంతే. ఆమె చూస్తున్నప్పుడు "నాదల్ అయితేనా" అని మొదలుపెట్టకండి. పన్నెండేళ్ళ పిల్లకి అది మా కాలంలో మామిడిపళ్ళు తియ్యగా ఉండేవి అన్నట్టే వినిపిస్తుంది. తనే అడిగినప్పుడు చూపించండి. ఎక్కడ మొదలుపెట్టాలంటే, 2022 ఆస్ట్రేలియన్ ఓపెన్ ఫైనల్. మొత్తం అయిదున్నర గంటల దాకా ఉంటుంది, అంతా వద్దు. ప్రత్యర్థి మెద్వెదెవ్ రెండు సెట్లు గెలిచాక, మూడో సెట్‌లో నాదల్ సర్వీసులో 2-3, 0-40 ఉన్నచోట, అంటే ఇంకొక్క పాయింట్ పోతే ఆ గేమ్ కూడా పోయేచోట పెట్టండి. తర్వాత ఏం జరిగిందో ముందే చెప్పేయకండి.

దానికి బదులుగా 2025 ఫ్రెంచ్ ఓపెన్ ఫైనల్ తను మీకు చూపిస్తుంది. మీరు దాన్ని తప్పకుండా ఎగ్గొట్టి ఉంటారు. ఆ టోర్నీ మొదటి రోజే నాదల్‌కి ప్యారిస్‌లో సన్మానం జరిగింది. ఫెదరర్, జొకోవిచ్, ముర్రే ముగ్గురూ వచ్చారు, కోర్టులో అతని పాదముద్ర ఉన్న ఫలకాన్ని శాశ్వతంగా బిగించారు. రెండు వారాల తర్వాత అదే కోర్టులో అల్కరాస్ మూడు మ్యాచ్ పాయింట్లు కాచుకుని సినర్ మీద 5 గంటల 29 నిమిషాల్లో గెలిచాడు. మీ అమ్మాయి సినర్ పక్షమైతే మీరు అల్కరాస్ పక్షం తీసుకోండి. ఇంట్లో రెండు పార్టీలు లేకపోతే ఐదో సెట్‌లో మజా ఉండదు.